విశాఖలో స్థిరపడాలా వద్దా? రిటైరయ్యేవారు ఏడాదిలో తేల్చుకునే పద్ధతి

విశాఖపట్నాన్ని చాలామంది డిసెంబరులోనో సంక్రాంతి సెలవుల్లోనో చూసి ఇష్టపడతారు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక, సాయంత్రం కైలాసగిరి, ఒకరోజు సింహాచలం, ఒకరోజు అరకు. తిరుగు ప్రయాణానికి ముందు ఏదో ఒక అపార్ట్‌మెంట్‌కు అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఊరు నిజంగానే బాగుంటుంది. అయితే శీతాకాలం చూసి ఈ నిర్ణయం తీసుకోకూడదు. మే నెల ఉక్కపోతలో, అక్టోబరు తుపానులో ఇక్కడ ఎలా ఉంటుందో చూసి తీసుకోవాలి. అంతకంటే ముఖ్యం, ఎనభయ్యో ఏట దంపతుల్లో ఒక్కరే మిగిలితే ఆ ఒక్కరు ఇక్కడ బతకగలరా అన్నది. అరవై ఏళ్ల ఇద్దరికి నచ్చిన ఇల్లు ఎనభై ఏళ్ల ఒక్కరికి సరిపోకపోవచ్చు. కింది అడుగులన్నీ ఈ లెక్కమీద వేసినవే.

మొదటి అడుగు: ఇద్దరూ విడివిడిగా రాయండి

భార్యాభర్తలు కలిసి కూర్చుని మాట్లాడుకుంటే ఒకరి ఉత్సాహానికి రెండోవారు తలూపుతారు. అందుకే ముందు చెరో కాగితం మీద ఈ ప్రశ్నలకు జవాబులు రాయాలి, తర్వాతే మార్చుకుని చదవాలి.

విశాఖే ఎందుకు? సముద్రం, బంధువులు, పుట్టిన ఊరు దగ్గర, వైద్యం, పిల్లలకు అక్కడ ఉద్యోగం: వీటిలో ఏది అసలు కారణం? ఇప్పుడున్న ఊళ్లో వారానికి ఎంతమందిని కలుస్తున్నారు? రెండోవారు లేకపోతే నేను ఇక్కడ ఉంటానా, పిల్లల దగ్గరికి వెళ్తానా? మోకాళ్లు, ఊపిరితిత్తులు, గుండె ఎలా ఉన్నాయి? కారు ఎవరు నడుపుతారు, ఇంకెన్నాళ్లు నడపగలరు?

సముద్రం ఒక్కటే కారణంగా తేలితే ఇల్లు కొనక్కర్లేదు. ఏటా శీతాకాలంలో మూడు నెలలు అద్దెకు ఉంటే ఆ కోరిక తీరుతుంది. బంధువులో వైద్యమో కారణమైతే ముందుకు సాగండి.

పిల్లలు ఎక్కడున్నారో కూడా లెక్కలోకి తీసుకోండి. సికింద్రాబాద్ వందేభారత్ 2023 జనవరి నుంచి నడుస్తోంది, ప్రయాణం ఎనిమిదిన్నర గంటలు. కబురందాక రైలులో బయల్దేరితే హైదరాబాద్ నుంచి వచ్చేసరికి ఒక పగలో ఒక రాత్రో గడిచిపోతుంది. అమెరికాలో పిల్లలున్నవారు ఎటూ హైదరాబాద్‌లోనో మరో ఊళ్లోనో విమానం మారాల్సిందే. భోగాపురం విమానాశ్రయమేమో నగరం నుంచి నలభై కిలోమీటర్లకు పైగా దూరం. గాజువాక వైపు ఇల్లు తీసుకునేవారు అక్కడికి చేరడానికి ఊరంతా దాటాలి.

రెండో అడుగు: అద్దెకు ఉండి చూడండి

"అద్దె దండగ" అనే మాట ఇక్కడ వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం అవుతుంది. అరవై లక్షల విలువ మీద నాలుగున్నర లక్షలు. కొన్నాక నచ్చక అమ్మితే ఆ డబ్బు తిరిగిరాదు, పైగా దళారీ కమిషన్, రంగులు, కప్‌బోర్డుల ఖర్చు. నెలకు ఇరవై వేల అద్దె అనుకున్నా ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. అంటే పొరపాటున కొని వెనక్కి తగ్గడం కంటే ఏడాది అద్దె దాదాపు సగం ఖర్చులో తేలుతుంది.

ఏడాదంతా ఉండటం మంచిది. కుదరకపోతే ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు ఒకసారి, అక్టోబరు, నవంబరుల్లో మరోసారి ఉండండి. శీతాకాలం ఎలా ఉంటుందో మీకు ఇప్పటికే తెలుసు. కొనాలనుకున్న కాలనీలోనే, ఎక్కబోయే అంతస్తులోనే అద్దెకు దిగండి. ఎంవీపీ కాలనీలో ఉండి చూసి కొమ్మాదిలో కొంటే ఆ పరీక్షకు అర్థం లేదు.

ఈ కాలంలో ఒక నోటు పుస్తకంలో రోజూ నాలుగు విషయాలు రాయండి: రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టింది, బీపీ ఎంత, ఎన్ని అడుగులు నడిచారు, సముద్రం దగ్గరికి వెళ్లారా లేదా. వారానికొకసారి కరెంటు మీటరు రీడింగు. మొదటి నెలలో రోజూ బీచ్‌కు వెళ్లినవారు నాలుగో నెలకు వారానికి ఒక్కసారే వెళ్తుంటే, సముద్రానికి దగ్గరగా ఉండటం కోసం అదనంగా లక్షలు పోయవలసిన పనిలేదని ఆ పుస్తకమే చెబుతుంది.

మూడో అడుగు: ఉక్కపోతను కొలవండి

విశాఖ ఎండను థర్మామీటరుతో కొలిస్తే మోసపోతారు. విజయవాడ 42 డిగ్రీలు దాటే రోజుల్లో కూడా వాల్తేరులో తరచు 34 నుంచి 36 మధ్యే ఉంటుంది. కానీ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. రాత్రి కూడా 28 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి శరీరానికి విశ్రాంతి దొరకదు. మధ్యాహ్నానికి సముద్రం మీది గాలి లోపలికి వస్తే ఊరు తేరుకుంటుంది. పడమటి గాలి బలంగా వీచే రోజున సముద్రగాలి లోపలికి రాలేదు, ఆ రోజు ఉష్ణోగ్రత ఒక్కసారిగా 40 వైపు ఎగబాకుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న ఎన్‌ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి వైపు ఎండ ఎప్పుడూ కాస్త ఎక్కువే.

పెద్దవారికి ఇది రెండు రకాలుగా తగులుతుంది. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవారికి చెమటతో కలిపి నీరు, సోడియం తగ్గి నీరసం, తలతిరుగుడు, తూలి పడటం వస్తాయి. వేసవికి ముందే డాక్టరును అడిగి మోతాదు సరిచూసుకోవాలి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. ఇక ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారికి తేమ, గోడల మీద బూజు ఇబ్బంది పెడతాయి. ట్రయల్ నెలల్లో ఇన్‌హేలరు వాడకం పెరిగితే అది ఊరిచ్చే జవాబు, పట్టించుకోండి. వినికిడి యంత్రం వాడేవారు రాత్రిపూట దాన్ని సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టాలి, లేకపోతే తేమకు పాడవుతుంది.

ఏసీ వాడకుండా ఉండగలమని ముందే లెక్క వేయకండి. ఈపీడీసీఎల్ (ఇక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ) బిల్లులో స్లాబులు పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. 225 యూనిట్లు దాటాక భారం బాగా తెలుస్తుంది. మే, జూన్ బిల్లులు చూసి సంవత్సరపు ఖర్చు వేసుకోండి.

నాలుగో అడుగు: కాలనీ ఎంచుకోవడం

తొందరపడకూడని చోటు ఇదే. విశాఖలో ఒక కాలనీకీ ఇంకో కాలనీకీ గాలి, నీళ్లు, వాలు, దుమ్ము అన్నీ వేరు.

ఊరి పాత భాగం కొండల మధ్య గిన్నెలా ఉంటుంది. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ. పోర్టు, రిఫైనరీ, ఎరువుల కర్మాగారం ఈ గిన్నెలోనే ఉన్నాయి. గాలి ఆడని శీతాకాలపు రాత్రుల్లో పొగ, దుమ్ము కిందే నిలిచిపోతాయి. వన్‌టౌన్, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ పరిసరాల్లో బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. కిటికీ గట్టు మీద తెల్ల గుడ్డ పరిచి ఇరవైనాలుగు గంటల తర్వాత చూడండి, నల్లబడితే ఆ ఇల్లు ఊపిరితిత్తుల జబ్బున్నవారికి పనికిరాదు. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక, పరవాడ వైపు చూసేవారు పరిశ్రమల దూరం, గాలి వీచే దిశ తప్పక చూడాలి. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో పేలుడు, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ లీకు జరిగాయి. ఆ రెండో ప్రమాదం తెల్లవారుజామున నిద్రలో ఉన్నవారి మీదికి వచ్చింది. పరుగెత్తలేని వయసులో ఫ్యాక్టరీ గోడ పక్కన ఇల్లు వద్దు.

ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, లాసన్స్‌బే కాలనీ, కిర్లంపూడి లేఅవుట్, సిరిపురం: నడిచి వెళ్లేంత దూరంలో అన్నీ దొరికే చోట్లు. రైతుబజారు, మందుల షాపు, బ్యాంకు, గుడి, పార్కు పది నిమిషాల్లో. ధర ఎక్కువ, పాత అపార్ట్‌మెంట్లు ఎక్కువ. ఒంటరిగా మిగిలే మనిషి దృష్టితో చూస్తే ధర పెట్టినా న్యాయమనిపించే ప్రాంతం ఇదే. సీతమ్మధార, అక్కయ్యపాలెం, ద్వారకానగర్ సముద్రానికి కొంచెం దూరం కాబట్టి ఉప్పుగాలి తక్కువ. ఆర్టీసీ కాంప్లెక్సు, రైల్వేస్టేషను దగ్గర.

మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది, ఎండాడలో ఇళ్లు కొత్తవి, విశాలమైనవి, ధర తక్కువ. ప్రతి చిన్న పనికీ వాహనం కావాలి, జాతీయ రహదారి దాటాలి. కారు నడపడం మానేసిన రోజు నుంచి ఇంట్లోనే ఉండిపోయే ప్రమాదం ఇక్కడ ఎక్కువ. కొన్ని లేఅవుట్లలో వేసవిలో ట్యాంకరు మీదే ఆధారం. రుషికొండ, సాగర్‌నగర్, భీమిలి దారి చూడటానికి అందం. రోజువారీ అవసరాలకు మాత్రం ఆ ఒక్క రోడ్డే దిక్కు.

వాలు గురించి ఎవరూ చెప్పరు. వాల్తేరు అప్‌లాండ్స్, ఆరిలోవ, ఎండాడ, సీతమ్మధార ఎగువ వీధుల్లో ఇంటి నుంచి రోడ్డుకు దిగడం సులువే, కూరల సంచితో ఎక్కడం కష్టం. ఇల్లు చూసే రోజు ఐదు కిలోల సంచి పట్టుకుని మెయిన్‌రోడ్డు నుంచి ఇంటిదాకా నడవండి. మధ్యలో ఆగాల్సివస్తే పదేళ్ల తర్వాత ఆ దారి మీకు మూసుకుపోయినట్టే. కొండవాలు కింద ఇళ్లకు భారీవర్షంలో మట్టి, బండరాళ్లు జారే ప్రమాదం, గెడ్డల (వాగుల) పక్కన గ్రౌండ్‌ఫ్లోరుకు వరద ప్రమాదం ఉన్నాయి. గెడ్డ ఎక్కడుందో వీధి చివరి టీకొట్టు వాళ్లను అడిగితే చెబుతారు.

సముద్రానికి ఎదురుగా మొదటి వరుస ఇల్లు కొనవద్దనే మా సలహా. ఇక్కడ తీరం వెంబడి ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం నైరుతి నుంచి ఈశాన్యానికి కదులుతుంది. 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు ఆ ఇసుకను అడ్డుకోవడంతో ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది. పోర్టు ఇసుక తవ్వి బీచ్‌లో పోయించడం వల్లనే అది నిలుస్తోంది. భీమిలి, భోగాపురం వైపు స్థలం కొనేవారు సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) పటం చూడనిదే రూపాయి ఇవ్వకూడదు. సముద్రపు పోటు చేరే రేఖ నుంచి 500 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుంది. 2019 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనాభా ఉన్నచోట మొదటి 50 మీటర్లు, తక్కువ ఉన్నచోట 200 మీటర్లు నిర్మాణ నిషేధం.

ఐదో అడుగు: ఆసుపత్రికి గడియారం పట్టుకుని వెళ్లండి

వైద్యం విషయంలో విశాఖ బలమైన ఊరు. కేజీహెచ్, హనుమంతవాక దగ్గర విమ్స్, ఆరిలోవ హెల్త్‌సిటీలో కార్పొరేట్ ఆసుపత్రులు, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, మారికవలసలో గాయత్రి విద్యాపరిషత్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. కానీ ఊళ్లో ఉండటం వేరు, మీ ఇంటి నుంచి అందడం వేరు.

ఇలా పరీక్షించండి. పనిదినం సాయంత్రం ఆరున్నరకు ఇంటి నుంచి బయల్దేరి ఎమర్జెన్సీ గుమ్మం దాకా ఎంతసేపు పట్టిందో చూడండి. ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం జంక్షన్లలో ఎంతసేపు ఆగారో రాయండి. మళ్లీ రాత్రి రెండు గంటలకు అక్కడికి ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగండి: క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాలు తెరిచే గది) ఇప్పుడు నడుస్తుందా, సీటీ స్కాన్ తీస్తారా, పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడు ఇస్తారా. గుండెపోటులో పెద్ద ఆసుపత్రికి చేరిన 90 నిమిషాల్లోపు రక్తనాళం తెరవాలన్నది లక్ష్యం. పక్షవాతంలో ఆ ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఇంటి నుంచి అరగంటలోపు ఇవన్నీ ఉన్న ఆసుపత్రి లేకపోతే ఆ కాలనీని జాబితా నుంచి తీసేయండి.

సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల) వైద్య పథకాల కార్డులున్నవారికి నగరంలో కేంద్రాలున్నాయి. రైల్వేవారికి డివిజనల్ ఆసుపత్రి ఉంది. కార్డు మీద ఏ ప్రైవేటు ఆసుపత్రి చేర్చుకుంటుందో ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరులోనే అడగండి, పాత జాబితాలను నమ్మవద్దు. తెలంగాణ ప్రభుత్వ పింఛనుదారులు తమ హెల్త్‌కార్డు ఇక్కడి ఆసుపత్రుల్లో చెల్లుతుందో లేదో ఇల్లు వెతకడానికి ముందే తేల్చుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నవారు పాలసీలో ప్రాంతాన్ని బట్టి కోపే (బిల్లులో కొంత వాటా మీరే కట్టే) నిబంధన ఉందేమో చూడాలి.

ఆరో అడుగు: ఉప్పుగాలి కళ్లతో ఇల్లు చూడటం

ఉప్పు గోడ లోపలికి దిగి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడతాయి. రంగు వేస్తే ఇది ఆగదు. కాబట్టి కొత్తగా రంగులు వేసిన పాత ఫ్లాటును మరింత జాగ్రత్తగా చూడాలి.

ముందు పార్కింగులోకి వెళ్లి స్తంభాల అడుగుభాగం చూడండి. తర్వాత డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు కింది దూలాలు, మెట్లగది పైకప్పు. చివరగా సన్‌షేడ్లు, బాల్కనీల కిందివైపు. దూలం పొడుగునా చువ్వ వెంటే సాగే బీట, గోధుమరంగు చారలు కనిపిస్తే లోపల తుప్పు మొదలైందని అర్థం. చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల విడిపోయినది బోలుగా పలుకుతుంది. రెండు మూడు చోట్ల బోలు శబ్దం వస్తే ఆ అపార్ట్‌మెంట్ మొత్తానికి పెద్ద మరమ్మతు రాబోతోంది, ఆ ఖర్చులో మీ వాటా లక్షల్లో ఉండొచ్చు.

కొత్తగా కట్టేదైతే బిల్డరును స్ట్రక్చరల్ డ్రాయింగు అడగండి. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంత వాతావరణానికి తెరిచి ఉన్న కాంక్రీటు "సివియర్" తరగతి కిందికి వస్తుంది: కనీసం ఎం30 గ్రేడు (కాంక్రీటు బలం), చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు (కాంక్రీటు పొర). సముద్రపు తుంపర నేరుగా పడే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. మైదానంలో కట్టినట్టే ఎం20తో, 25 మిల్లీమీటర్ల కవరుతో బయటి దూలాలు పోసిన ఇల్లు ఇక్కడ త్వరగా ముసలిదవుతుంది. డ్రాయింగు చూపించడానికి నసిగే బిల్డరు దగ్గర కొనకండి.

కిటికీలు యూపీవీసీవి మంచివి. గ్రిల్సు మామూలు ఇనుముతో ఉంటే ఏటా గీకి ప్రైమరు కొట్టి రంగు వేయాలి. రెయిలింగులకు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి, 304 గ్రేడు ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది. ఏసీ బయటి యూనిట్ సముద్రం వైపు గోడకు బిగించవద్దు. తుప్పు నిరోధక పూత ఉన్న కాయిల్ తీసుకుని, విద్యుత్తు ఆపి నెలకొకసారి మంచినీళ్లతో కడిగించండి. కడగకపోతే కాయిల్‌ను తుప్పు తిని గ్యాసు కారిపోతుంది. తీరానికి మొదటి కొన్ని వందల మీటర్లలోనే ఉప్పు ఎక్కువగా పడుతుంది. ఒక కిలోమీటరు వెనక్కి జరిగితే ఈ బాధల్లో చాలా భాగం తగ్గుతుంది.

అంతస్తు విషయంలో రెండు లేదా మూడు. పై అంతస్తుల్లో గాలి బాగుంటుంది. తుపాను రోజుల్లో లిఫ్టు ఆగితే మాత్రం స్ట్రెచరు మీద మనిషిని దింపడం ఎనిమిదో అంతస్తు నుంచి దాదాపు అసాధ్యం. లిఫ్టులో స్ట్రెచరు పడుతుందా, బాత్రూము తలుపులో వీల్‌చైరు పడుతుందా కొలిచి చూడండి. తలుపు 80 సెంటీమీటర్ల కంటే ఇరుకైతే మార్పించాల్సివస్తుంది.

నీళ్లను మే నెలాఖరులో పరీక్షించండి. అప్పుడు బోర్లు అడుగంటి ఉంటాయి, తీరం దగ్గర ఉప్పునీరు లోపలికి చొరబడేదీ అప్పుడే. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు ఎన్ని రోజులకొకసారి, ఎంతసేపు వస్తున్నాయో ఇంటివాళ్లను కాకుండా వాచ్‌మన్‌ను అడగండి. బోరు నీటిని ల్యాబులో ఇచ్చి టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు), క్లోరైడ్ చూపించండి. తాగేనీటి ప్రమాణం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, క్లోరైడ్ 250. వేరే దారి లేనప్పుడు 2,000, 1,000 వరకు ఒప్పుకుంటారు. అంత ఉప్పు ఉంటే గీజరు, కుళాయిలు, వాషింగ్‌మెషీను అన్నీ త్వరగా పోతాయి.

ఏడో అడుగు: కాగితాలు

ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు, ప్లాను అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, రెరా నంబరు, విడదీయని భూమి వాటా: ఇవి ఎక్కడైనా చూడాల్సినవే. విశాఖలో అదనంగా రెండు ఉన్నాయి. మొదటిది సింహాచలం దేవస్థానం పంచగ్రామాల సమస్య, అంటే ఐదు ఊళ్ల భూముల హక్కు మీద దేవస్థానంతో ఉన్న వివాదం: అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. ఈ ఊళ్లలో ఇల్లు ఎంత చవకగా వచ్చినా రిటైరైనవారు జోలికి పోవద్దు. రెండోది నిషేధిత 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు), డీ-పట్టా భూములు (ప్రభుత్వం పేదలకు కేటాయించినవి). మధురవాడ, కొమ్మాది, భీమిలి వైపు సర్వే నంబరు తప్పక సరిచూడాలి. ఈ జిల్లాలో భూ రికార్డుల తారుమారు మీద 2017లో ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేసింది. బిల్డరు పరిచయం చేసిన లాయరు చాలడు, మీరు ఫీజు ఇచ్చే లాయరు వేరుగా ఉండాలి. విల్లు రాసి రిజిస్టరు చేయించడం, బ్యాంకు ఖాతాలు ఇద్దరిలో ఎవరైనా నడిపేలా మార్చుకోవడం కూడా ఇదే నెలలో ముగించండి.

ఎనిమిదో అడుగు: తుపానుకు ఇల్లు సిద్ధమా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. గాలి వేగం గంటకు 185 కిలోమీటర్ల వరకు వెళ్లిందని వాతావరణశాఖ అంచనా. చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు నడవక నీళ్లు లేవు, ఫోన్లు మూగబోయాయి. మళ్లీ వస్తే మీరు ఏడు రోజులు ఎలా గడుపుతారన్నదే ఇక్కడ పరీక్ష.

వాయుగుండం తుపానుగా మారిందని వినగానే ఇద్దరికి అరవై లీటర్ల తాగునీరు, రెండు వందల లీటర్ల వాడుకనీరు డ్రమ్ముల్లో నింపండి. మందులు ఎప్పుడూ నెల రోజులకు సరిపడా ఉండాలి. వాడుతున్న ఇన్సులిన్ సీసాను నీడపట్టున, గది చల్లగా ఉంటే నాలుగు వారాల వరకు బయట ఉంచవచ్చు. తెరవనివాటికి ఐస్ వేసిన థర్మాస్ కావాలి, ఐస్‌కు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టండి. పదివేల రూపాయలు చిన్న నోట్లుగా ఇంట్లో పెట్టుకోండి, నెట్‌వర్కు పోతే యూపీఐ పనిచేయదు. బ్యాటరీ రేడియో, రెండు టార్చిలు, పవర్‌బ్యాంకు. బాల్కనీలో కుండీలు, బట్టల స్టాండు లోపలికి తేవాలి. గాలికి లేచిన కుండీ ఎదురింటి అద్దాన్ని పగలగొడుతుంది. కారును చెట్టు కింద నుంచి తీసేయండి.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను అయిపోయిందనుకుని బయటికి వెళ్లకండి. అది కన్ను మీద నుంచి దాటుతుండటం. కాసేపటికి గాలి ఎదురు దిశ నుంచి అంతే బలంగా తిరిగి వస్తుంది. హుద్‌హుద్‌లో ఊరు అదే చూసింది.

అపార్ట్‌మెంట్ అసోసియేషనును మూడు అడగండి: జనరేటరు లిఫ్టుకు, నీళ్ల మోటారుకు రెండింటికీ పనిచేస్తుందా, డీజిల్ ఎన్ని గంటలకు నిల్వ ఉంటుంది, ఒంటరిగా ఉండే పెద్దవారి ఫ్లాటు నంబర్ల జాబితా ఉందా. మూడో ప్రశ్నకు "ఉంది" అనే అపార్ట్‌మెంట్ దొరికితే వదులుకోకండి.

ఇంటి బీమా తప్పక తీసుకోండి. భారత్ గృహరక్ష పాలసీ తుపాను, వరద, భూకంపం నష్టాలకు వర్తిస్తుంది. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా పది లక్షల వరకు సామాన్లకూ రక్షణ వస్తుంది. బీమా మొత్తం తిరిగి కట్టే ఖర్చు మీద వేయాలి, స్థలం ధర కలపక్కర్లేదు.

తొమ్మిదో అడుగు: డబ్బు, మనుషులు

ట్రయల్ ఏడాది ఖర్చుల పుస్తకం ఇప్పుడు పనికొస్తుంది. దానికి మూడు కలపండి. ఉప్పు మరమ్మతులకు 1,200 చదరపు అడుగుల ఫ్లాటుకు నెలకు మూడు వేలు పక్కన పెట్టడం సబబు. ఏటా పిల్లల దగ్గరికి ప్రయాణాలు. చివరి ఐదేళ్లలో ఇంట్లో ఉండి చూసుకునే మనిషి జీతం, దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. ఆరు శాతం చొప్పున ధరలు పెరిగితే ఈనాటి యాభై వేల ఖర్చు పన్నెండేళ్లలో లక్ష అవుతుంది. వైద్యం పది శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే ఏడేళ్లకే రెట్టింపు. ఇల్లు కొన్నాక చేతిలో కనీసం పదిహేనేళ్ల ఖర్చు మిగలకపోతే చిన్న ఫ్లాటుకు దిగండి లేదా అద్దెలోనే ఉండిపోండి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ఒక్కొక్కరు ముప్పై లక్షల వరకు పెట్టవచ్చు. ఇల్లు కొని ఆ అవకాశాన్ని ఖాళీ చేసుకోకండి.

మనుషులు డబ్బు కంటే కష్టం. ఇక్కడివారు కలివిడిగానే ఉంటారు. అయినా అరవై దాటాక కొత్త స్నేహాలు వాటంతటవి రావు, వెళ్లి కలుపుకోవాలి. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ, కళాభారతిలో కచేరీలు, బీచ్‌రోడ్డు నడక బృందాలు, వార్డు సీనియర్ సిటిజన్ల సంఘం: నాలుగు నెలల్లో కనీసం రెండుచోట్ల మీ పేరు పెట్టి పలకరించేవారు ఉండాలి. రాత్రి పదకొండుకు ఫోను చేస్తే తలుపు తట్టేవారు ముగ్గురి పేర్లు, బంధువులు కాకుండా, రాయగలరా? భార్య, భర్త ఇద్దరూ వేర్వేరుగా రాయాలి. ఒకరి జాబితా ఖాళీగా ఉంటే ఆ ఒకరు ఈ ఊళ్లో ఒంటరిగా బతకలేరు.

పదో అడుగు: తేల్చడం

ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తేలినా కొనవద్దు: వేసవిలో ఊపిరి సమస్య పెరగడం, అరగంటలో రాత్రి వైద్యం లేకపోవడం, దంపతుల్లో ఒకరికి మనస్ఫూర్తిగా ఇష్టం లేకపోవడం, కొన్నాక పదిహేనేళ్ల ఖర్చు మిగలకపోవడం, ముగ్గురి పేర్లు రాయలేకపోవడం. మిగతావి సర్దుకోగలిగినవే. కాలనీ మారిస్తే కొన్ని తీరిపోతాయి. సముద్రం అక్కర్లేదు, ఉత్తరాంధ్ర మనుషులు కావాలనుకునేవారికి విజయనగరం ఉంది. అక్కడ ఉప్పుగాలి బాధ లేదు, రైలుంది, పెద్ద వైద్యానికి విశాఖ రావచ్చు. ఎటూ తేలకపోతే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు విశాఖ, మిగతా కాలం పాత ఊరు అనే పద్ధతిలో రెండేళ్లు నడపండి.

కొనాలని తేలితే పాత ఇల్లు అమ్మే తేదీని జాగ్రత్తగా వేసుకోండి. ఇల్లు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక లాభం మీద పన్ను తప్పాలంటే అమ్మడానికి ఏడాది ముందు నుంచి అమ్మాక రెండేళ్లలోపు కొత్త ఇల్లు కొనాలి, కట్టుకునేవారికి మూడేళ్లు. రిటర్ను గడువులోపు కొనలేకపోతే ఆ లాభాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి, మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే మినహాయింపు పోతుంది. అందుకని పరీక్ష ఏడాదిలో పాత ఇంటిని అద్దెకు ఇవ్వండి, పరీక్ష ముగిసి ఫ్లాటు ఖరారయ్యాకే బేరానికి పెట్టండి. కొనే ఫ్లాటు విలువ యాభై లక్షలు, ఆపైన అయితే అమ్మేవారికి ఇచ్చే డబ్బులో ఒక శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) కోసి కట్టాల్సింది మీరే. రిజిస్ట్రేషన్ రోజుకు ఆ చలానా చేతిలో ఉంచుకోండి.